ఎనభై కిలోల బస్తా

మే నెల. అయిదు దాటింది. కాశీబుగ్గలో కరెంటు పోయింది గాని వెలుతురు వచ్చేసింది. హైవే దిగి బజారు వైపు నాలుగడుగులు వేసేసరికి ఏ ఊరొచ్చామో ముక్కే చెప్పేస్తుంది. మాడిన నూనె వాసన, దాని అడుగున ఏదో తీపి, ఆ వెనక గొంతులో చిన్న మంట. ఎక్కడో పొయ్యిలో జీడి తొక్కు కాలుతోంది. ఊరివాళ్ళు ఈ వాసనను పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు. మీరు రెండుసార్లు దగ్గుతారు. టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ నవ్వుతాడు. "కొత్తేటి బాబూ ఊరికి?"

గ్లాసు ఖాళీ కాకముందే వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఒక ఆటో వచ్చి ఆగుతుంది. వెనక సీటు పీకేసి అందులో మూడు గోనె బస్తాలు కుక్కారు. వాటి మీద ఒక పెద్దాయన, తలకు తువ్వాలు, ఒళ్ళో చేతిసంచి. ఆ వెనక ఒక ట్రాలీ, దాని వెనక సోంపేట నుంచి వస్తున్న చిన్న లారీ. మార్చిలో రాలడం మొదలైన జీడిపిక్క ఇప్పుడు జోరు మీద ఉంది. ఉద్దానమనే ఈ తీరపు నేలలో మనిషికి ఎకరమో రెండెకరాలో తోట. కొబ్బరి పైన, జీడి కింద, మధ్యలో పనస, మునగ. ఏడాది పొడుగునా చేతిలో చిల్లర ఆడించేవి కొబ్బరి, మునగ. పెళ్ళి చేసేది, అప్పు తీర్చేది మాత్రం జీడే. అందుకే బస్తా దించేటప్పుడు ఆ పెద్దాయన పక్కనే నిలబడతాడు, ఒక్క పిక్క జారినా వంగి తీస్తాడు.

వ్యాపారి దుకాణమంటే పెద్దగా ఏమీ లేదు. ఒక అరుగు, ఒక కాటా, పరిచిన టార్పాలిన్, గోడకు తగిలించిన దేవుడి పటాలు, మేకుకు గుచ్చిన చీటీలు. ఆయన కళ్ళజోడు నుదుటి మీద ఉంటుంది, ఫోన్లు రెండు. బస్తా మూతి విప్పగానే చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి అడుగునుంచి గుప్పెడు తీస్తాడు. పచ్చిపిక్క అడుగునేసి ఎండుపిక్క పైన పోయడం పాత విద్య. అడుగునుంచి తీయడం అంతకన్నా పాతది. గుప్పెడును చెవి దగ్గర ఆడిస్తాడు. ఎండిన పిక్కయితే లోపల పప్పు తొక్కుకు తగిలి గలగలమంటుంది.

"పచ్చుంది మావా. తరుగు తీయాలి."

"ఏటి తరుగు? నాలుగెండలు ఎండబెట్టినాను. మళ్ళీ ఆడించి సూడు."

"సూసినాను గదా."

"సెవి తుడుసుకోని సూడు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. వ్యాపారీ నవ్వుతాడు, తరుగు మాట మాత్రం వదలడు. ఇప్పుడు కత్తెర వస్తుంది. కొన్ని పిక్కల్ని నిలువునా కోసి బల్ల మీద వరసగా పెడతారు. తెల్లగా నిండుగా ఉన్నవి ఒక పక్క, మచ్చ పడ్డవి ఒక పక్క, తాలు ఒక పక్క. తొక్కులోంచి కారిన నల్లటి నూనె బల్ల మీద చుక్కలు కడుతుంది. వేలు పెట్టి చూడాలనిపిస్తుంది గాని పెట్టకండి. సాయంత్రానికి బొబ్బ లేస్తుంది, వారానికి తోలు ఊడుతుంది.

ఈ కోత చూసి లెక్క కట్టేది ఒక్కటే: బస్తాకు పప్పు ఎంత దిగుతుందని. బస్తా అంటే 80 కిలోలు. ఉద్దానంలో ఎవరినడిగినా అంతే చెబుతారు. బాగా ఎండిన మంచి సరుకైతే అందులోంచి ఇరవై, ఇరవై రెండు కిలోల పప్పు వస్తుంది. ఇది కాశీబుగ్గ, పలాసవాళ్ళ సొంత కొలతనుకుంటే పొరపాటే. ప్రపంచంలో పచ్చి జీడిపిక్క కొనే ప్రతి రేవులోనూ నాణ్యతను చెప్పేది 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందనే లెక్కతోనే. నలభై ఎనిమిది పౌన్లంటే మంచి సరుకు, యాభై దాటితే ఇంకా మేలు. అబిజాన్‌లో ఇదే లెక్క, దార్ ఎస్ సలామ్‌లోనూ ఇదే. వేలిముద్ర వేసే పెద్దాయన, ఎప్పుడూ చూడని సముద్రాల అవతలి రైతు, ఇద్దరూ ఒకే తూకంలో నిలబడి ఉన్నారు. ఈ సంగతి ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

ధర మాట గట్టిగా అనరు. వ్యాపారి క్యాలిక్యులేటర్ మీద అంకె కొట్టి ఆయన వైపు తిప్పుతాడు. పెద్దాయన చూసి మొహం తిప్పుకుంటాడు. ఈ మధ్య సంవత్సరాల్లో రైతు సంఘాలు బస్తాకు 16,000 రూపాయలైనా ఇవ్వాలని పలాసలో ధర్నాలు చేశాయి. క్యాలిక్యులేటర్ మీద కనిపించేది ఆ అంకె కాదు.

"మరి ఆఫ్రికా పిక్క నాకు దీనికన్నా సవగ్గా పడతాంది మావా. నన్నేటి సెయ్యమంతావు?"

ఆ ఒక్క మాటతో బేరం నడుం విరుగుతుంది. ఉద్దానం రైతుకు ఎన్నేళ్ళుగానో వినిపిస్తున్న మాట అది. నిజమో, బేరం కోసం ఆడేదో చూద్దామంటే వ్యాపారి అభ్యంతరం చెప్పడు. "రండి, సూపిస్తాను" అని వెనక గోడౌను తలుపు తీయిస్తాడు.

లోపల చీకటి, చల్లదనం, గోనె వాసన. బస్తాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి, ఒక్కో వరసకు సుద్దముక్కతో రాసిన గుర్తు. ఐవరీ కోస్ట్, ఘనా. పడమటి ఆఫ్రికా పంట ఇంచుమించు మన పంటతోపాటే, ఫిబ్రవరి నుంచి వేసవి దాకా వస్తుంది. మూలగా, మిగతావాటికి దూరంగా, పోయిన సీజనులో మిగిలిన కొద్ది బస్తాలున్నాయి. టాంజానియా. వాటిలోంచి పిక్క ఒకటి తీసి, జేబులో ఉన్న ఉద్దానం పిక్క పక్కన పెట్టి అరచేయి చాపుతాడాయన. "ఏది ఏదో సెప్పండి సూద్దాం."

చెప్పలేరు. నేనూ చెప్పలేను.

చెప్పలేకపోవడంలో వింత లేదు, రెండిటి ముత్తాతా ఒకడే. ఈ చెట్టు పుట్టింది బ్రెజిల్‌లో. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు దాన్ని తూర్పు ఆఫ్రికా తీరానికి, గోవాకు తెచ్చారు. 1498లో మాలింది రేవులో దారి తెలిసిన నావికుణ్ణి ఎక్కించుకుని వాస్కో డ గామా కాలికట్ చేరిన దారే అది. రెండు తీరాల్లోనూ చెట్టుకు కావలసినవి దొరికాయి: ఇసుకనేల, ఉప్పుగాలి, నాలుగు నెలలు గట్టిగా ఎండ. ఇసుకను పట్టి ఉంచుతుందని నాటిన చెట్టు చాలాకాలానికి గాని డబ్బు చెట్టు కాలేదు.

ఆ బస్తాలు బయల్దేరిన చోటు టాంజానియా దక్షిణ కొసన ఉన్న మ్త్వారా. పక్కనే మికిందాని అనే పాత స్వాహిలీ రేవు ఉంది. పగడపు రాళ్ళతో కట్టిన ఇళ్ళు, చెక్కిన తలుపులు, అరబ్బు పడవలు ఆగిన వంపు. 1866లో లివింగ్‌స్టన్ తన చివరి ప్రయాణానికి లోపలికి నడిచింది అక్కడినుంచే. ఇంకాస్త ఉత్తరాన కిల్వా. 1331లో ఇబ్న్ బతూతా చూసి మెచ్చుకున్న పట్నం, బంగారం వ్యాపారంతో బతికింది. కిల్వా ఇప్పుడు శిథిలాలు, మికిందాని ప్రశాంతమైన చిన్న ఊరు. సరుకంతా కంటెయినర్లకెక్కేది మ్త్వారాలోని కొత్త రేవులోనే.

అక్కడ పంట అక్టోబరులో మొదలై జనవరి దాకా ఉంటుంది, అంటే ఇక్కడ చెట్టు పూతకు సిద్ధమయ్యే కాలం. రైతు తన పిక్కను ఊళ్ళో ఉన్న సహకార సంఘానికి తోలుతాడు. సంఘం గోడౌనులో పెట్టి రశీదు ఇస్తుంది. 2007లో వచ్చిన పద్ధతి ఇది. తర్వాత అందరి ముందూ వేలం. కొనేవాళ్ళు ధరలు ఇస్తారు, అవి అందరికీ తెలుస్తాయి, రైతులు ఒప్పుకుంటేనే సరుకు కదులుతుంది. ఆ వేలాల్లో పాల్గొనేవాళ్ళలో ఎక్కువమంది మన దేశం కోసమో వియత్నాం కోసమో కొనేవాళ్ళే.

2018లో వాళ్ళు తక్కువ ధరలు ఇచ్చారు. రైతులు ఒప్పుకోలేదు. నవంబరులో అప్పటి అధ్యక్షుడు మగుఫులి కిలోకు 3,300 షిల్లింగులు ప్రకటించి, పంటను ఎత్తమని సైన్యాన్ని పంపాడు. సైనిక లారీలు మ్త్వారా ఊళ్ళలోకి వచ్చి జీడిపిక్కలు మోశాయి. ఆ కథ అంత బాగా ముగియలేదు, డబ్బు ఆలస్యమైంది, సరుకు గోడౌన్లలో నిలిచింది. అదంతా ఒక ఎత్తు. అదే ఏడు, సరిగ్గా నెలముందు, అక్టోబరు 11న తెల్లవారకముందే తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఉద్దానంలో లక్షల చెట్లు పడి ఉన్నాయి. అక్కడ పంట ఉండి ధర లేదు. ఇక్కడ చెట్టే లేదు.

వ్యాపారికి ఈ రెండూ గుర్తే, వేరే కారణంతో. "ఆ యేడు పిక్క దొరకనేదు బాబూ, ఇటూ నేదు అటూ నేదు" అని తలుపు మూస్తాడు. ఆయన్ని దుర్మార్గుడనుకోవడం తేలిక. ఫ్యాక్టరీ ఏడాదంతా నడవాలంటే ఉద్దానం పంట చాలదు, మూడు నెలల్లో అయిపోతుంది. విశాఖ రేవులో దిగే పిక్క లేకపోతే పలాసలో సగం పొయ్యిలు దసరాకే ఆరిపోతాయి. కేంద్రం 2016లో ఈ పిక్క మీద 5 శాతం దిగుమతి సుంకం వేసి, 2018లో దాన్ని 2.5కు దించింది. పెంచితే ఫ్యాక్టరీలు అరుస్తాయి, దించితే రైతులు. నా మటుకు నాకు రైతు గొడవ ఆఫ్రికా పిక్కతో కాదనిపిస్తుంది. టాంజానియావాడికి గోడౌనుంది, రశీదుంది, ధరలు అందరి ముందూ తేలే రోజుంది. ఇక్కడివాడికి ఉన్నది ఒక్క క్యాలిక్యులేటర్, అదీ అవతలివాడి చేతిలో.

బయటికొచ్చేసరికి పెద్దాయన ఒక బస్తా మూతి మళ్ళీ కుడుతున్నాడు. అమ్మలేదా? రెండు అమ్మాడు, ఒకటి వెనక్కి తీసుకెళ్తున్నాడు. ఎందుకని అడిగితే ఏమీ అనడు, దబ్బనాన్ని తలకు రాసుకుని గుచ్చుతాడు.

ఎండెక్కకముందే ఫ్యాక్టరీ చూడాలి. పలాస కాశీబుగ్గల్లో చిన్నా పెద్దా కలిపి వందల్లో ఉన్నాయి. ఇండస్ట్రియల్ ఎస్టేటులోవి షెడ్లు, పాత వీధుల్లోవి ఇళ్ళే. గేటు దాటగానే కళ్ళం. పిక్కలు చదును చేసి పరిచారు, ఒకడు వట్టికాళ్ళతో వాటి మధ్య గీతలు గీస్తూ తిరగేస్తున్నాడు. లోపల బాయిలరు బుస్సుమంటుంది. పిక్కను ఆవిరి పట్టించి, రాత్రంతా ఆరబెట్టి, పొద్దున కటింగుకు పంపుతారు. పొయ్యిలోకి వేసేది కొట్టేసిన తొక్కే. ఆ తొక్కును పిండి తీసిన నూనె రంగులకీ, లారీల బ్రేకులకీ పోతుంది. పొట్టు తోళ్ళు ఊనేవాళ్ళకు పోతుంది. ఈ వ్యాపారంలో పారేసేది లేదు, ఒక్క పండు తప్ప. పండంతా తోటలోనే కుళ్ళుతుంది.

కటింగు షెడ్డులోకి అడుగుపెట్టగానే చప్పుడు మీద పడుతుంది. వరసగా బల్లలు, ఒక్కో బల్లకు బిగించిన కత్తి. ఒకామె పిక్కను కత్తి నోట్లో పెట్టి, చేత్తో పిడి దించి, కాలితో పెడలు తొక్కుతుంది. టక్. తొక్కు రెండయి విచ్చుకుంటుంది. ఎదురుగా కూర్చున్నామె చిన్న ఊచతో పప్పును పెకలిస్తుంది. టక్, టక్, టక్. పిక్క ఏ కోణంలో కూర్చుంటే పప్పు విరగదో ఆ వేళ్ళకు తెలుసు. పప్పు గుండుగా వస్తే ఒక ధర, బద్దయితే ఒక ధర, ముక్కయితే ఇంకా తక్కువ. అందుకని ఆమె చూపు చేతి మీద ఉండదు, ఎక్కడో గోడ మీద ఉంటుంది. వేళ్ళు నల్లగా, కొసలు గట్టిపడి ఉన్నాయి. పక్కన చిన్న గిన్నెలో నూనె, మధ్యమధ్య ముంచి రాసుకుంటుంది.

"మండదా అప్పా?"

"మండతాది. మానీస్తే కడుపు మండతాది."

పక్కనున్నవాళ్ళు గొల్లుమంటారు. ఈ జవాబు ఆమె చాలామందికి చెప్పి ఉంటుంది, అయినా నవ్వు కొత్తగానే వచ్చింది. ఇక్కడ కూలి రోజుకు కాదు, కిలోకు. తల తిప్పి మాట్లాడినంతసేపూ కాటా మీద తగ్గుతుంది. కాబట్టి రెండో ప్రశ్న అడక్కుండా పక్కకు జరగడమే మర్యాద. పెద్ద ఫ్యాక్టరీల్లో కటింగు మిషన్లు వచ్చేశాయి. అవి గంటకు కొట్టేదెంతో ఈ బల్లల దగ్గర ఎవరూ పైకి అనరు.

కోసిన పప్పు బోర్మాలోకి పోతుంది. ఇనప అరల పొయ్యి అది, గంటల తరబడి సన్నని సెగ. ఎండిన పప్పు మీద ఎర్ర పొట్టు వదులవుతుంది. దాన్ని ఒలిచే గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలి. ఇక్కడ టకటకలు లేవు, వేళ్ళ కింద పొట్టు రాలే సన్నని గరగర, మాటల సందడి. ఎవరి కూతురు ఏ ఊరికెళ్ళింది, ఎవరింట్లో నీళ్ళు రాలేదు, ఎవరు డయాలసిస్‌కి ఏ వారం పోతున్నారు. ఈ చివరి మాట ఉద్దానంలో ఏ నలుగురు కూర్చున్నా వస్తుంది. ఎన్నేళ్ళుగానో కిడ్నీలు పాడవుతున్నాయి, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, హిరమండలం నుంచి గొట్టాల్లో నీళ్ళు తెచ్చారు. ఒలుస్తున్న ఒకామె వాళ్ళాయన గురించి చెబుతూ ఒక్క క్షణం కూడా చెయ్యి ఆపదు.

చివరి గదిలో గ్రేడింగు. కిటికీ పక్క తెల్లటి బల్ల, దాని మీద పప్పు గుట్ట. పౌనుకు 180 గుండ్లు తూగితే అది రాజు, అమ్మకానికి బయటికి చాలా తక్కువ వస్తుంది. తర్వాత 210, 240, 320. మన ఇంట్లో పాయసంలో తేలేది ఎక్కువగా 320. గింజ ఎంత చిన్నదైతే అంకె అంత పెద్దది. గ్రేడింగు చేసే అమ్మాయి తూచదు. చూపుడువేలితో ఇటు ఒకటి, అటు ఒకటి తోస్తుంది. ఆమె తప్పు తోసిందేమోనని యజమాని గుప్పెడు తూచి చూస్తాడు. సరిపోతుంది.

రైల్వే స్టేషను దారిలో జీడిపప్పు కొట్లు వరసగా ఉన్నాయి. హౌరా రైళ్ళు ఆగే ఊరు కదా, బెంగాలీ, ఒడియా, తెలుగు మూడూ కలిపి బేరమాడతారు. గాజు సీసాల్లో అంకెలు రాసి ఉంటాయి. రుచి చూడమని అరచేతిలో రెండు పెడతారు. అప్పుడు మీరు అడగాలనుకునే ప్రశ్న ఒకటుంది: "ఇది ఉద్దానందా, ఆఫ్రికాదా?" అడగండి. "పలాసదండి" అంటాడు కొట్టువాడు, మొహం మారకుండా. అబద్ధమూ కాదు.

మందస వైపు బస్సెక్కితే కోవా గంపలు ఎక్కుతాయి. ఎడమ పక్క మహేంద్రగిరి నీలంగా కనిపిస్తూ వస్తుంది, కుడి పక్క తోటలు. హరిపురం దగ్గర పనసకాయలు రోడ్డు పక్కన గుట్టలు పోశారు, ఒడిశా లారీలు వచ్చి నిలబడ్డాయి. ఈ నేలకు హక్కు కోసం గొంతెత్తడం కొత్త కాదు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. అది ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారు అడవి గొడవలో పోలీసులకు అడ్డంగా నిలిచిన సాసుమాన గున్నమ్మ తుపాకి గుండుకు బలయింది. గుడారి రాజమణిపురం ఆమెది. బస్సులో పక్క సీటాయన ఆ పేరు చెప్పగానే చెయ్యెత్తి దండం పెట్టి, తర్వాత కోవా ఎంతకిస్తావని అడుగుతాడు.

బారువ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మహేంద్రతనయ సముద్రంలో కలిసేది ఇక్కడే. ఒడ్డున కోటిలింగేశ్వరుడి గుడి, కొబ్బరితోట, దీపస్తంభం. ఇంగ్లీషువాళ్ళ కాలంలో స్టీమర్లు లోతు నీళ్ళలో ఆగితే పడవల్లో సరుకు చేర్చేవారు. ఈ తీరంలో బియ్యం, కొబ్బరి, మనుషులు ఓడెక్కేవారు. మనుషులు ఎక్కువగా రంగూనుకు. 1917లో చిల్కా అనే ఓడ మంటలంటుకుని ఈ తీరం దగ్గర మునిగింది. దాని అస్థిపంజరం ఇంకా నీళ్ళలోనే ఉంది, ఈతగాళ్ళు గాలి సిలిండర్లు కట్టుకుని దిగి చూసొస్తున్నారు. మికిందాని రేవును మ్త్వారా మింగినట్టే బారువ, కళింగపట్నం రేవులను విశాఖ మింగింది. ఇప్పుడు టెక్కలి దగ్గర మూలపేటలో కొత్త పోర్టు కడుతున్నారు, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయితే ఆఫ్రికా పిక్క నౌపడా ఉప్పు మడుల పక్కనుంచే పలాసకొచ్చేయొచ్చు. కంటెయినరు దిగే దూరం తగ్గితే ధర ఎవరికి తగ్గుతుందో ఇప్పుడే ఎవరూ లెక్క కట్టడం లేదు.

ఒడ్డున చేపల వేలం చూడండి, పొద్దుటి కాశీబుగ్గకు దీనికి ఎంత తేడానో తెలుస్తుంది. పడవ దిగీ దిగగానే గంప ఇసుకలో పెడతారు, చుట్టూ ఆడవాళ్ళు. ఒకడు ధర అరుస్తాడు, ఇంకొకరు పైకి పాడతారు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఓడిన వాళ్ళు తిడతారు, గెలిచినామె గంప ఎత్తుకుని ఆటో వైపు పరిగెడుతుంది. రహస్యం లేదు, ఫోను లేదు. చేప ఆగదు కాబట్టి. జీడిపిక్క ఆగుతుంది. ఆగగలిగేవాడి చేతిలోనే దాని ధర ఉంది.

పొద్దు వాలుతుండగా మందస మండలంలో తీరం వైపున్న ఒక ఊళ్ళోకి వస్తారు. తోట అడుగున ఇసుక మెత్తగా, కాలికి వెచ్చగా ఉంది. జీడిపళ్ళు పసుపుగా, ఎర్రగా రాలి పులిసి, ఈగలు ముసిరాయి. తిత్లీలో పడ్డ చెట్టు మొదళ్ళు అక్కడక్కడా ఉన్నాయి, కొన్నిటి పక్కనుంచి కొత్త కొమ్మ లేచి కాపుకొచ్చింది కూడా. ఒక ముసలమ్మ గెడకర్రతో కొమ్మలు కదిపి, రాలిన పళ్ళ నుంచి పిక్కలు మెలిపెట్టి తీసి ఒళ్ళో వేసుకుంటోంది. ఒక పండు తుడిచి ఇస్తుంది. ఉప్పద్దుకుని తినమంటుంది. తీపి, వగరు, నాలుక పిడచకట్టినట్టవుతుంది. ఆమె మీ మొహం చూసి సంబరపడుతుంది.

ఇంటి వసారాలో బస్తాలు పేర్చి ఉన్నాయి. కాశీబుగ్గ ధర చెబుతారు మీరు. ఆమెకు అంతకుముందే తెలుసు, కొడుకు ఫోను చేశాడు. టాంజానియా సంగతి చెబుతారు: గోడౌను, రశీదు, అందరి ముందూ తేలే ధరలు, ఇష్టం లేకపోతే అమ్మనని చెప్పే రోజు. ఆమె గెడకర్ర గోడకు ఆనించి శ్రద్ధగా వింటుంది.

"ఆలకి పిక్క ఎప్పుడొస్తాది?"

"అక్టోబరులో."

"అంటే మనం దసరా దాకా ఉంచితే ఆలదొచ్చి పడిపోతాది."

అవును. అంతకు ముందే వానలు, చెమ్మ, ఎలకలు. ఆ తర్వాత తుపాన్ల రోజులు. ఆమె వేళ్ళ మీద నెలలు లెక్కపెడుతుంది. జూన్‌లో మనవడి ఫీజు. జూలైలో చేతిబదులు ఒకటి తీర్చాలి. మళ్ళీ మొదటినుంచి లెక్కపెడుతుంది.

"నాలుగు అమ్మీస్తాను రేపు. మిగతాయి ఆగస్టు దాకా సూస్తాను. అప్పటికి అటు పాతది అయిపోతాది, కొత్తది రాదు. ఏటంతావు?"

కాశీబుగ్గ వ్యాపారి రెండు ఫోన్లతో, గోడౌను నిండా సరుకుతో వేసే లెక్క కూడా ఇదే. ఆమె మీ జవాబు కోసం ఆగదు. మూల నుంచి నాలుగు చెక్కబల్లలు లాగి నేల మీద పరుస్తుంది, చెమ్మ తగలకుండా. వీధిలోకి చూసి ఎవర్నో పిలుస్తుంది, ఎవరూ పలకరు. మీ వైపు తిరుగుతుంది.

"బేగి రా బాబూ, ఆ మూల పట్టు. నడుం కాదు, మోకాళ్ళు వంచు. ఎనభై కేజీలు."